పిన్ని కోపి కొట్టు

మా పిన్ని బగాన్ దాతోలో ముప్పై ఏళ్ళుగా కోపి కొట్టు నడుపుతోంది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. కొట్టు అద్దెకు ఇచ్చేయమని కౌలాలంపూర్‌లో ఉన్న కొడుకు అంటున్నాడు. బడి సెలవుల్లో రెండు వారాలు నేను సాయం వెళ్ళాను.

తెల్లవారుజామున అయిదింటికి తలుపు తీస్తాము. ముందు దేవుడికి దీపం, తరువాత పొయ్యి. నీళ్ళు మరిగేలోపు బల్లలు తుడిచి కుర్చీలు దించాలి. కప్పులు వేడినీళ్ళలో ఉంచాలి. చల్లని కప్పులో కోపి త్వరగా చల్లారిపోతుంది. ఇక్కడి గింజలను పంచదార, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. ఆ పొడిని గుడ్డ సంచిలో వేసి, మరిగిన నీళ్ళు పోసి వడకట్టాలి. మొదటి గుక్క పిన్నిదే. బాగుంటేనే గిరాకీలకు.

సాయంత్రం పని ఇంకా ఎక్కువ. పాలడబ్బాలకు చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పెట్టాలి. రేపటికి చిల్లర వేరుగా తీసి, లెక్క రాసి, గ్యాసు కట్టాలి. మొదటిరోజు నేను గుడ్డ సంచిని సబ్బుతో ఉతికాను. "తల్లీ, అది కోపి సంచి, చొక్కా కాదు" అంది పిన్ని. సబ్బు వాసన పోదు. వేడినీళ్ళతో మాత్రమే కడిగి ఆరవేయాలి. ఆ సంచి పారేశాము.

ఆమె చెబుతుంటే ఈ పనులన్నీ నా గుడి బడి తెలుగులో రాసి గోడకు అంటించాను. పిన్ని మనవడికి తెలుగు చదవడం రాదు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం అడిగాడు. ఆఖరి శనివారం తలుపు తీసింది వాడే. ఆ రోజు మొదటి గుక్క పిన్ని వాడికే ఇచ్చింది. కొట్టు అద్దె మాట ఇంకా తేలలేదు.