మస్కట్ ఎండలో బోర్డో సీసా

"మంచి ఫ్రెంచి రెడ్ వైన్ బహుమతిగా వచ్చింది, పదేళ్ళు దాచుకోవచ్చా?" అని ఈ మధ్య నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. దాచుకోవచ్చు, కానీ మస్కట్లో బట్టల అల్మారాలో మాత్రం కాదు. ఎందుకో చెబుతాను.

అసలు వైన్‌ని దాచడమెందుకు? బోర్డోలోని మెదోక్ వైన్లలో ప్రధానమైన ద్రాక్ష కాబెర్నే సావిన్యాన్. దాని తొక్కలో, గింజలో టానిన్లుంటాయి. టానిన్ అంటే మనకి తెలిసిన వగరే. జామపిందె కొరికితే నోరు పట్టేస్తుందే, అదే. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి మడ్డిగా దిగుతాయి. వగరు మెత్తబడుతుంది. పళ్ళ వాసన తగ్గి దేవదారు చెక్క, పొగాకు వాసనలు పైకొస్తాయి. 1855 వర్గీకరణలో మొదటి శ్రేణి దక్కిన షాటో లాటూర్ లాంటివి మంచి ఏడాదివైతే 30 ఏళ్ళు కూడా నిలుస్తాయి. మామూలు సీసాల్ని మాత్రం నాలుగైదేళ్ళలో తాగెయ్యాల్సిందే.

ఇదంతా నిదానంగా జరగాలి. 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం, చీకటి ఉండాలి. కార్కు ఎండిపోకుండా సీసాని అడ్డంగా పడుకోబెట్టాలి. మరి మన దగ్గరో? 2018 జూన్ 26న మస్కట్ పక్కనున్న కురియాత్‌లో రాత్రి కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు! మనమేమో సెలవులకి ఇండియా వెళ్తూ ఏసీ ఆపేసి తాళం వేస్తాం. ఆ వేడికి వైన్ వ్యాకోచించి కార్కుని పైకి నెడుతుంది, చల్లబడ్డాక గాలి లోపలికి చేరుతుంది. తిరిగొచ్చి చూస్తే ఉడికిన పళ్ళ వాసన! కార్కు ఉబ్బినా, మూత కింద జిగురు కారినా అనుమానించండి.

అందుకని ఏళ్ళ తరబడి దాచాలంటే వైన్ ఫ్రిజ్ కావాలి, అదీ మీరు ఊళ్ళో లేనప్పుడు కూడా నడవాలి. కొన్ని వారాలకైతే మామూలు ఫ్రిజ్ చాలు. రెండూ కుదరకపోతే వేసవికి ముందే స్నేహితుల్ని పిలిచి తెరిచెయ్యండి.

పాత సీసా అయితే ముందురోజే నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. మెల్లగా గాజు జగ్గులోకి వంపండి. 16-18 డిగ్రీల దగ్గర గ్లాసులో మూడోవంతే పోసి, తెల్లకాగితం మీద వంచి అంచు చూడండి. ఊదారంగైతే లేతది, ఇటుకరంగైతే ముదిరింది. వాసన చూసి, చిన్న గుక్క నోట్లో తిప్పండి. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో, అదీ దాని గొప్ప. పక్కన ఆవకాయ వద్దు, కారం వగరుని రెచ్చగొడుతుంది. మిరియాలు తక్కువ వేసిన మటన్ వేపుడు చాలు.