రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత?



క్లాసులో సింపుల్ ఇంట్రెస్ట్ చెబుతూ, "నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?" అని అడిగాను. చాలామంది 2 అన్నారు. అది నెల లెక్క. ఏడాదికి 24 శాతం. క్లాసు అయ్యాక ఒక బాబు వచ్చి, "టీచర్, నా ఫీజుకు నాన్న మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు" అన్నాడు.

జూన్‌లో రూ.60,000 అలా తెస్తే నెలకు రూ.1,800, ఏడాదికి రూ.21,600 వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. అదే ముందు ఏడాది జూన్ నుంచే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో నెలకు రూ.5,000 వేస్తే, ఫీజు సమయానికి రూ.60,000 చేతికొస్తుంది. పైన వడ్డీ మనకే.

ఈసారి కుదరకపోతే అప్పు చేసేముందు స్కూల్ ఆఫీసులో వాయిదాల గురించి అడగండి. అడగడం నామోషీ కాదు.