రక్తం రిపోర్టులో ఏముంటది?

వానాకాలం వచ్చిందంటే మన షోలాపూర్ గల్లీల్లో జ్వరాలు మొదలైతయి. డాక్టరు రక్తం పరీక్ష రాస్తడు. సీబీసీ అనే కాగితం చేతికొస్తది. దాన్ని చూసి కొందరు హడలిపోతరు, కొందరు మడిచి జేబులో పెట్టుకుంటరు. నేను నాలుగో తరగతి దాకనే చదివి, సాంచెల మీద బతికిన మనిషిని. దవాఖానలో అడిగి తెలుసుకున్నది మన మాటల్లో చెప్తున్నాను.

పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి పైగా పసుపుపచ్చని నీరు. దాన్ని ప్లాస్మా అంటారు. మిగిలినవి కణాలు. అవి మూడు రకాలు.

ఎర్ర కణాలు మోత కూలీలు. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్లంతా మోస్తాయి. ఒక్కొక్కటి సుమారు 120 రోజులు బతుకుతుంది. హిమోగ్లోబిన్ ఉండేది వీటిలోనే. అది ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత. బీడీలు చుట్టే మన అక్కలు ఆయాసం వస్తే "పని ఎక్కువైంది" అని ఊకుంటరు. ఒకసారి పరీక్ష చేయించుకోండి.

తెల్ల కణాలు కాపలావాళ్లు. 4,000 నుంచి 11,000 దాకా ఉంటే మామూలు. వీటిలో న్యూట్రోఫిల్స్ అనేవి ముందుగా ఉరికి సూక్ష్మక్రిములను మింగేస్తాయి. లింఫోసైట్లలో కొన్ని ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తు పెట్టుకుంటాయి. పిల్లలకు వేసే టీకా పనిచేసేది ఆ గుర్తు మీదనే.

మూడోవి ప్లేట్‌లెట్లు. సాంచె మీద పోగు తెగితే మనం ముడి వేస్తాం కదా, రక్తనాళం తెగిన చోట ఇవి అట్లనే అతుక్కొని రక్తాన్ని ఆపుతాయి. 1,50,000 నుంచి 4,50,000 దాకా మామూలు. డెంగీలో తగ్గుతాయి. అంకె తగ్గిందని వెంటనే ఎక్కించమని డాక్టరుతో కొట్లాడొద్దు. రక్తం కారకపోతే చాలామందికి వాటంతటవే పెరుగుతాయి.

డెంగీలో అసలు ప్రమాదం వేరే ఉంది. ప్లాస్మా రక్తనాళాల నుంచి బయటికి ఊరిపోతుంది. అది ఎక్కువగా జ్వరం దిగే సమయంలోనే మొదలవుతుంది. మనోళ్లేమో జ్వరం దిగింది, కూలి పోతదని పనికి పోతరు. ఆ ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా ఉండాలి. గట్టిగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా దవాఖానకు పోవాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు వేసుకోవద్దు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

రిపోర్టు కాగితాలు పారేయకండి. నిన్నటిదీ ఇవ్వాళ్టిదీ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. ఒక్క అంకె కంటే అది పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నదే ఆయనకు ముఖ్యం.