ఉంగరం ధర రూ.300 కోట్లు.. పేరు మన గోల్కొండ!

ఒక్క ఉంగరానికి ఎంత పెట్టొచ్చు? 2025 మే 14న జెనీవాలో క్రిస్టీస్ సంస్థ వేలం వేస్తామన్న ‘గోల్కొండ బ్లూ’ ఉంగరం అంచనా ధర 3.5 కోట్ల నుంచి 5 కోట్ల డాలర్లు. మన లెక్కలో రూ.300 కోట్ల పైమాటే! చివరికి వేలానికి ముందే దాన్ని వెనక్కి తీసేసుకున్నారు.

అంత రేటు ఎందుకంటారా? వజ్రం బరువు 23.24 క్యారెట్లు. అంటే ఐదు గ్రాములు కూడా లేదు. కానీ ఆ నీలం రంగు చాలా అరుదు. వజ్రంలోని కార్బన్‌లో బోరాన్ అతి స్వల్పంగా కలిస్తేనే అది వస్తుంది. సిలికాన్ చిప్‌ల తయారీలోనూ బోరాన్‌ని ఇలాగే కలుపుతారు. అందుకే నీలి వజ్రం కరెంటుని కూడా పోనిస్తుంది. కోడ్ రాసుకునే నాకు భలే నచ్చిన విషయం ఇదే.

ఇక చరిత్ర. ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ నుంచి 1947లో అమెరికా నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్‌ చేతికి, తర్వాత బరోడా మహారాజుకి చేరింది.

మరి పేరులోని గోల్కొండ? నిజానికి కోట దగ్గర గనుల్లేవు, అది వజ్రాల బజారు. తవ్వకాలు జరిగింది కృష్ణా తీరంలోని కొల్లూరు లాంటి చోట్ల. 17వ శతాబ్దంలో అక్కడ 60,000 మంది పనిచేసేవారని ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్ రాశాడు. పల్నాడులోని ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఇలాంటి ఉంగరం అమ్మకానికొచ్చిన ప్రతిసారీ రాజుల పేర్లు వినిపిస్తాయి. రాళ్లు తవ్వినోళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు లేవు. కనీసం కొల్లూరు పేరైనా మనం గుర్తుపెట్టుకుందాం.