ట్యాంకులోని కాపలాదారు

పెట్రోలు కారులో మనం తాళం తిప్పగానే, చెవి ఒగ్గితే వెనుక సీటు వైపు నుంచి రెండు క్షణాలపాటు సన్నని రొద వినిపిస్తుంది. అది ట్యాంకులో మునిగి ఉండే విద్యుత్ పంపు శబ్దం. దానిని నడిపించేది ఒక చిన్న కంప్యూటర్. ఇంజన్ తిరుగుతోందని సెన్సార్ తెలుపుతున్నంతవరకే అది పంపును నడవనిస్తుంది. ప్రమాదంలో ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది. పెట్రోలు చిమ్మి మంటలు రేగే ముప్పు తగ్గుతుంది.

ఈ పంపును చల్లబరిచేది పెట్రోలే. తరచూ ట్యాంకు అడుగంటేదాకా నడిపితే పంపు వేడెక్కి త్వరగా చెడిపోవచ్చు. రాత్రివేళ భార్యాబిడ్డలతో నడిరోడ్డున నిలిచిపోవలసి రావచ్చు. కనుక పావు ట్యాంకు మిగిలి ఉండగానే నింపుకుందాం. అల్లాహ్ ప్రసాదించిన వాహనం మన చేతిలో అమానతు. అందులో కూర్చున్న కుటుంబం అంతకన్నా పెద్ద అమానతు.