2147483647 (సంఖ్య)

2147483647 ఒక ప్రధాన సంఖ్య. దీని విలువ 2³¹ − 1. భారతీయ లెక్కింపులో దీనిని రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అని చదువుతారు. రెండు యొక్క ఘాతం నుండి ఒకటి తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. వాటిలో ఇది ఎనిమిదవది.

ప్రధానత్వ పరీక్ష

ఒక సంఖ్య సంయుక్త సంఖ్య అయితే, దాని వర్గమూలాన్ని మించని ప్రధాన భాజకం ఒకటైనా దానికి ఉండాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మూడు ఊళ్ళ పిన్‌కోడ్‌లను ఉదాహరణగా తీసుకోవచ్చు. మదనపల్లె (517325), కుప్పం (517425) సంఖ్యల చివర 5 ఉన్నందున అవి ప్రధాన సంఖ్యలు కావని చూడగానే తెలుస్తుంది. పుంగనూరు సంఖ్య 517247 మాత్రం 2, 3, 5, 7, 11, 13, 17, 19 లలో దేనితోనూ భాగింపబడదు. అయినా అది 23 × 22489 కు సమానం, కనుక అదీ సంయుక్త సంఖ్యే. చూపును బట్టి ప్రధానత్వాన్ని నిర్ణయించరాదు.

చరిత్ర

ఫ్రాన్స్‌కు చెందిన మారిన్ మెర్సెన్ 1644లో ప్రకటించిన ఘాతాంకాల జాబితాలో 31 ఉంది. అయితే అదే జాబితాలోని 67, 257 తప్పని తరువాత తేలింది. 2147483647 ప్రధాన సంఖ్య అని లియోనార్డ్ ఆయిలర్ 1772లో నిరూపించాడు. దీని వర్గమూలం 46,340 కి కొంచెం ఎక్కువ. దీనికి ప్రధాన భాజకం ఉంటే, దానిని 248 తో భాగించినపుడు శేషం 1 గాని 63 గాని రావాలి. 1 ని మినహాయిస్తే 46,340 లోపు అటువంటి సంఖ్యలు 373 మాత్రమే. వాటిలోనూ ప్రధాన సంఖ్యలను పరీక్షిస్తే చాలు. 19వ శతాబ్దం మధ్య వరకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో ఇదే పెద్దది.

ధర్మాలు

* 2³⁰ తో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అనగా తనను మినహాయించి దాని భాజకాలన్నిటి మొత్తం అదే సంఖ్యకు సమానం. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుగొనబోరని పీటర్ బార్లో 1811లో వ్రాశాడు. 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని 1876లో ఎడ్వార్డ్ లూకాస్ చూపడంతో ఆ అభిప్రాయం వీగిపోయింది.
* ఘాతాంకమైన 31 కూడా మెర్సెన్ ప్రధాన సంఖ్యే (2⁵ − 1). ఈ లక్షణం గల మెర్సెన్ ప్రధాన సంఖ్యలు నాలుగే తెలుసు: 7, 127, 2147483647, 2¹²⁷ − 1.

కంప్యూటర్లలో

ధన, ఋణ పూర్ణాంకాలను 32 బిట్లలో వ్రాసే పద్ధతిలో గరిష్ఠ విలువ ఇదే. 1970 జనవరి 1 నుండి కాలాన్ని సెకండ్లలో ఈ విధంగా లెక్కించే వ్యవస్థలలో, 2038 జనవరి 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు లెక్క ఈ సంఖ్యను చేరుతుంది. మరుసటి సెకండులో అది ఋణ సంఖ్యగా మారి, తేదీ 1901వ సంవత్సరానికి మళ్ళుతుంది. అందువలన ఇటువంటి వ్యవస్థలను ఆలోపే 64 బిట్లకు మార్చవలసి ఉంటుంది.