ప్యారీ (పోరాట వీడియో ఆటలు)

పోరాట వీడియో ఆటలలో ప్రత్యర్థి దెబ్బను అది తగిలే క్షణంలోనే వమ్ము చేసి, వెంటనే ఎదురుదాడికి దిగే రక్షణ పద్ధతిని ప్యారీ అంటారు. 1999లో క్యాప్‌కామ్ సంస్థ విడుదల చేసిన "స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్" ఈ పద్ధతికి ప్రసిద్ధి చెందినది.

మామూలుగా ఆటగాడు మీటను వెనుకకు లాగి దెబ్బను కాచుకుంటాడు. కాని ప్రత్యేక దాడులను ఇలా కాచుకున్నా కొంత శక్తి తరిగిపోతుంది. ప్యారీ చేయదలచినవాడు మీటను ప్రత్యర్థి వైపుకే నెట్టాలి. కాళ్ళపై వచ్చే దెబ్బకైతే క్రిందికి నెట్టాలి. సమయం కుదిరితే ఏ నష్టమూ ఉండదు, పైగా దాడి చేసినవాడే రక్షణ లేక దొరికిపోతాడు. కుదరకపోతే దెబ్బ పూర్తిగా తగులుతుంది.

2004 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన ఈవో పోటీలలో జపాను ఆటగాడు దైగో ఉమెహారా (కెన్ పాత్ర), అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ (చున్-లీ పాత్ర)తో తలపడ్డాడు. ఉమెహారా పాత్రకు మిగిలిన శక్తి దాదాపు శూన్యం; ప్రత్యేక దాడిని కాచుకున్నా ఓటమి తప్పదు. వాంగ్ ప్రయోగించిన 15 దెబ్బల సూపర్ దాడి మొదలయ్యే క్షణాన్ని ముందే ఊహించి, అన్నింటినీ వరుసగా ప్యారీ చేసి, చివరిదానిని గాలిలోకి ఎగిరి వమ్ము చేసి, ఎదురుదాడితో ఆ రౌండును గెలిచాడు. ఈ ఘట్టానికి "ఈవో మొమెంట్ 37" అని పేరు. ఇందులోని 37కు ప్రత్యేక అర్థమేమీ లేదు, ఏదో ఒక సంఖ్యగా పెట్టినదే. అయితే ఆ పోటీ ఫైనలులో ఉమెహారా తన దేశస్థుడే అయిన కెంజి ఒబాతా చేతిలో ఓడిపోయాడు.